మీరెవరి ఫ్యాను సార్?

మా టీ కొట్టు దగ్గర సాయంత్రం పూట కుర్రాళ్ల గుంపు ఒకటి చేరుతుంది. అందులో ఒకడిది పసుపు చొక్కా, వీపు మీద 7. ఇంకొకడిది ఎర్ర చొక్కా, వీపు మీద 18. ఐపీఎల్ నడిచే రెండు నెలలూ వీళ్లిద్దరూ పక్కపక్కన కూర్చోరు. మిగతా పది నెలలూ ఒకే బండి మీద తిరుగుతారు. మొన్న ఆ పసుపు చొక్కావాడు నా వైపు తిరిగి, "సార్, ఇన్నేళ్లుగా పేపరుకి రాస్తున్నారు కదా, ఇంతకీ మీరెవరి ఫ్యాను?" అన్నాడు.

చటుక్కున జవాబు తోచలేదు. "ధోనీని మాత్రం గ్రౌండులో చూశానురా" అన్నాను. అంతే, ఆ రోజు నా టీ డబ్బులు వాడే ఇచ్చేశాడు.

నిజంగానే చూశా. 2005 ఏప్రిల్ 5న విశాఖపట్నంలో పాకిస్తాన్‌తో వన్డే. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక మండలానికి కంట్రిబ్యూటర్ని. అలాంటివాడికి అంతర్జాతీయ మ్యాచ్‌లో ప్రెస్ బాక్సు ఎక్కడ దొరుకుతుంది! కానీ ఆ రోజు సైడ్‌లైట్స్ రాయడానికి ఒక మనిషి తక్కువపడ్డాడని నన్ను పిలిచారు. జనం ఎక్కడెక్కడి నుంచి వచ్చారు, ముఖాలకి ఏ రంగులు పూసుకున్నారు, నీళ్ల ప్యాకెట్టు ఎంతకి అమ్మారు... ఇలాంటివన్నమాట. తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లా.

అందరూ సచిన్ కోసం వచ్చారు. ఆయన రెండు పరుగులకే రనౌటయ్యాడు. స్టేడియం మొత్తం ఇంట్లో మనిషి పోయినట్టు అయిపోయింది. అప్పుడు జులపాల జుట్టుతో ఒక కుర్రాడు మూడో నంబర్లో దిగాడు. నా వెనక ఎవరో, "ఇతనెవరండీ, కీపరు కదా, ఇప్పుడే పంపించారేంటి?" అంటున్నారు. ఆ కీపరే 123 బంతుల్లో 148 కొట్టాడు. సెంచరీ అయినప్పుడు నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టేశా. ఈల కూడా వేసేవాణ్నే. పక్కనున్న పెద్దాయన, ఏ పేపరో తెలీదు, నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఇక్కడ చప్పట్లు కొట్టకూడదు తమ్ముడూ. కొట్టాలనుంటే టికెట్టు కొనుక్కుని అటు కూర్చో" అన్నాడు.

సిగ్గేసింది. కానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చూసినవాడు వేరు, చూసింది చెప్పాల్సినవాడు వేరు. ఆ మాట ఎవరైనా నాకు నాలుగేళ్ల ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఎందుకో చెప్పాలంటే మా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి.

కంట్రిబ్యూటరంటే జీతం ఉండదు. అచ్చయిన వార్తల్ని స్కేలు పెట్టి కొలిచి, సెంటీమీటర్ల లెక్కన నెలాఖరుకి డబ్బులిస్తారు. దాన్నే లైన్ అకౌంట్ అంటాం. రోడ్డు ప్రమాదం, కరెంటు కోత, ఎరువుల క్యూ, నాయకుడి పర్యటన... ఇవీ మా తిండి. ఆటల వార్త అన్నిటికన్నా చివర. అది కూడా ఎలా రాస్తామో ఎప్పుడైనా గమనించారా? "క్రీడలు శారీరక, మానసిక ఉల్లాసానికి దోహదపడతాయని ఫలానా నాయకుడు అన్నారు" అని మొదలవుతుంది. ఆ తర్వాత జ్యోతి వెలిగించినవారు, శాలువా కప్పినవారు, కప్పించుకున్నవారు, అధ్యక్షత వహించినవారు, షీల్డులు ఇచ్చిన దాతలు. గెలిచిన జట్టు ఆఖరి వాక్యంలో ఉంటుంది. ఆడినవాళ్ల పేర్లు ఆ వాక్యానికి కూడా ఆఖర్న.

ఇందులో ఒక చిక్కుంది. పేజీలో చోటు తక్కువైతే డెస్కులో వార్తను కింది నుంచి కోస్తారు. ముఖ్యమైంది పైన ఉంటుందని వాళ్ల నమ్మకం. వాళ్ల తప్పేం లేదు. పైన ఏం పెట్టాలో నిర్ణయించేది మేమే కదా.

మా జిల్లాలో ఆటల వార్త మొదటి పేజీకెక్కిన రోజు కూడా నేను చూశాను. 2000 సెప్టెంబరు 19. సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరికి కాంస్యం. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదటిసారి. పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ ఒలింపిక్స్‌లో మన దేశం మొత్తానికి వచ్చింది ఆ ఒక్క పతకమే. ఆమెది మా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. ఇంకేముంది, ఆ రాత్రి జిల్లాలో ప్రతివాడూ ఆమెకి ఏదో ఒక వరసలో చుట్టమే. గురువు నీలంశెట్టి అప్పన్నగారిని ఎరగనివాడు కూడా, "మా అప్పన్న మాస్టారే కదా నేర్పింది" అనేశాడు.

రెండు రోజులు తిరగలేదు, టీ కొట్టు దగ్గర లెక్కలు మొదలయ్యాయి. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. స్వర్ణం గెలిచిన చైనా అమ్మాయిది 242.5. "రెండున్నర కిలోలండీ! ఒక్క రెండున్నర కిలోలు! బజార్నుంచి వంకాయల సంచి తెచ్చినంత బరువు లేదు" అని ఒక గుమాస్తాగారు తెగ బాధపడిపోయారు. చివరి ప్రయత్నంలో ఆమె 137.5 అడిగి ఎత్తలేకపోయింది. అంత ఎందుకు అడగాలి, కాస్త తగ్గించి అడగొచ్చు కదా అని ఇంకొకాయన. నేనూ తలూపుతున్నా. అభిమానమంటే అదో జబ్బు. గెలిచిందాకా 'మనమ్మాయి' అంటాం. ఆ పైన ఇంకో రెండున్నర కిలోలు అప్పున్నట్టు అడుగుతాం.

బల్ల చివర గూడ్సు షెడ్డులో పనిచేసే ముసలి కళాసీ ఒకాయన టీ తాగుతున్నాడు. అప్పటిదాకా నోరెత్తలేదు. లేచి తువ్వాలు దులుపుకుంటూ అన్నాడు: "క్వింటా బస్తా నా ఈపు మీదికి ఎక్కడానికి ఇద్దరు సాయం పట్టాల బాబూ. ఆ పిల్ల నూట ముప్పై కేజీలు ఒక్కర్తే నెత్తి మీదికి ఎత్తింది. మీరు పతకం తూస్తన్నారు. నేను బరువు తూస్తన్నాను."

ఎవరూ మాట్లాడలేదు. ఆ మాట వార్తలో పెడదామని జేబులో చీటీ మీద రాసుకున్నా. పెట్టలేదు. ఆ రోజు ఒక నాయకుడి అభినందన సభ ఉంది. చోటంతా దానికే పోయింది.

ఆరు నెలలు తిరిగేసరికి 2001 మార్చి వచ్చింది. తెలుగువాళ్లకి అలాంటి వారం మళ్లీ రాలేదేమో. మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకొణె తర్వాత మళ్లీ అదే. సరిగ్గా అదే రోజు కలకత్తాలో ఆస్ట్రేలియాతో టెస్టు మొదలైంది. మనవాళ్లు మొదటి ఇన్నింగ్స్‌లో 171కి కుప్పకూలి ఫాలో ఆన్ ఆడుతున్నారు. అక్కడ మన హైదరాబాద్ లక్ష్మణ్ నిలబడ్డాడు. మూడో రోజు ఆట ముగిసేసరికి 109 నాటౌట్.

14వ తేదీ బుధవారం. మా పక్క ఊళ్లో అమ్మవారి తీర్థం. దాని సందర్భంగా ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెట్టారు, ఎనిమిది జట్లు. మధ్యాహ్నం వెళ్లా. అతిథులు జ్యోతి వెలిగిస్తుంటే ఒక ఫొటో, జట్లను పరిచయం చేసుకుంటుంటే ఇంకో ఫొటో తీశా. పిల్లలు ఇంకా గీతల మీద ముగ్గుపిండి పోస్తున్నారు. గడియారం చూసుకున్నా. లక్ష్మణ్ 200కి దగ్గరపడుతూ ఉంటాడు! నిర్వాహకుడితో, "ఫలితాలు ఫోన్లో చెప్పెయ్ బాబూ" అని సైకిలెక్కా.

మా వీధి చివర ఎలక్ట్రానిక్స్ షాపు. బయట యాభై మందిమి నిలబడి అద్దాల్లోంచి టీవీ చూస్తున్నాం. ఆ రోజంతా లక్ష్మణ్, ద్రవిడ్ అవుట్ కాలేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్క వికెట్టు పడలేదండీ! ఆట ముగిసేసరికి లక్ష్మణ్ 275, ద్రవిడ్ 155. అరిచి అరిచి నాకు గొంతు పోయింది. ఆరింటికి ఫోనొచ్చింది. చెప్పిన పేర్లన్నీ గబగబా రాసుకున్నా. అలవాటు ప్రకారం అతిథులు పైన, ఆడపిల్లలు కింద. కవరు బస్సు డ్రైవరు చేతిలో పెట్టి ఇంటికెళ్లి పడుకున్నా.

మర్నాడు పేపరు నిండా లక్ష్మణే. జిల్లా పేజీల్లో కూడా చోటు లేదు. మా కబడ్డీ వార్త సింగిల్ కాలమ్‌లో, అదీ సగం వచ్చింది. క్రీడలు ఉల్లాసానికి దోహదపడ్డాయి. పదకొండు మంది పెద్దల పేర్లు అచ్చులో కళకళలాడుతున్నాయి. అక్కడితో కోసేశారు. ఎవరు ఆడారో, ఎవరు గెలిచారో ఒక్క ముక్క లేదు. నిజం చెప్పొద్దూ, నేను అది గమనించను కూడా లేదు. సెంటీమీటర్లు కొలుచుకుని పేపరు మడిచేశా.

ఆ మధ్యాహ్నం మళ్లీ షాపు ముందే ఉన్నా. ఐదో రోజు. టీ తర్వాత హర్భజన్, సచిన్ కలిసి ఆస్ట్రేలియాని కూల్చేస్తున్నారు. అప్పుడు వెనక నుంచి ఎవరో చొక్కా లాగారు. చూస్తే ఒక మామ్మ. చేతిలో పేపరు. పక్కన పద్దెనిమిదేళ్ల అమ్మాయి, మోకాలికి గుడ్డ కట్టుకుని ఉంది.

"నువ్వేనా బాబూ పేపరోడివి?"

"ఉండు మామ్మా, ఒక్క ఓవరు" అన్నాను.

ఆ మాట అన్నందుకు ఇరవై ఏళ్లు దాటినా నా మీద నాకే కోపం. ఆవిడ ఉంది. ఒక్క ఓవరు కాదు, మ్యాచ్ అయ్యేదాకా అలాగే ఎండలో నిలబడింది. మనం 171 పరుగులతో గెలిచాం. జనం ఎగురుతున్నారు. అప్పుడు పేపరు విప్పి నా ముందు పెట్టింది.

"నాను సదువుకోనేదు బాబూ. ఇస్కూలు గుంటడి సేత మూడు మాట్లు సదివించినాను. మా గుంట పేరు నేదంటన్నాడు. ఆడికి సదవడం సరిగ్గా రాదేమో. నువ్వు రాసినోడివి గదా, ఏ మూలుందో కాస్త సూపించు."

అప్పుడు చూశా, పైనుంచి కింది దాకా. ఏ మూలా లేదు.

"చోటు చాల్లేదు మామ్మా" అన్నా.

"ఇంతమందికి సాలింది గదా" అంది. దెప్పిపొడిచినట్టు కాదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

సంగతేంటంటే, ఆ అమ్మాయి ఇంటర్ అయ్యాక ఇంటి దగ్గరే ఉంటోంది. నిక్కరేసుకుని ఆడుతోందని ఊళ్లో మాటలు. తండ్రి విసిగిపోయి సంబంధాలు చూస్తున్నాడు. పై పోటీల సెలెక్షన్లకి విశాఖ వెళ్తానంటే, "పేపర్లో నీ పేరు పడనీ, ఊరి నోరు మూతపడుద్ది, అప్పుడు సూద్దాం" అన్నాడట. అందుకే ముసలమ్మకి అంత ఆత్రం.

"ఆట ఎలా జరిగిందమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగా.

"మీరు రాలేదా సార్? ఫొటోలు తీశారు కదా?" అంది.

నేను తల దించుకున్నా. అప్పుడు తనే చెప్పింది. ఫైనల్లో రెండు పాయింట్లు వెనకున్నారు. ఆఖరి కూత తనది. ముగ్గురు కలిసి పట్టేశారు. మోకాళ్ల మీద పడిపోయింది. కూత ఆపలేదు. ఈడ్చుకుంటూ వచ్చి వేలి కొసతో మధ్య గీత తాకింది. పట్టుకున్న ముగ్గురూ అవుట్. మూడు పాయింట్లు. ఒక్క పాయింటు తేడాతో గెలిచారు. చెబుతున్నంతసేపూ చెయ్యి ముందుకి చాపి ఆ గీత ఎక్కడుందో చూపిస్తూనే ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చిన్నప్పట్నించీ నాకు కపిల్‌దేవ్ 175 అంటే పిచ్చి. 1983 జూన్ 18, జింబాబ్వే మీద, 17 పరుగులకి ఐదు వికెట్లు పడిపోయిన స్థితి నుంచి. ఆ ఇన్నింగ్స్‌కి వీడియో లేదు. ఒక్క బంతి కూడా ఎవరి దగ్గరా లేదు. ఆ రోజు గ్రౌండులో కూర్చుని చూసినవాళ్లు చెప్పబట్టి, రాయబట్టి మనకి మిగిలింది. లక్ష్మణ్ ఆటకి ఎన్ని కెమెరాలున్నాయో లెక్కలేదు. నేను చూడకపోయినా ఆ 281కి ఒక్క పరుగు తగ్గదు. ఆ తీర్థం గ్రౌండులో మాత్రం కెమెరా లేదు. ఒక్క విలేకరి ఉండాలి. వాడు టీవీ షాపు ముందు ఉన్నాడు.

మర్నాడు డెస్కుకి ఫోన్ చేశా. "అయిపోయిన ఆటకి మళ్లీ వార్తేంటయ్యా?" అన్నారు. న్యాయమే. దాంతో ఫీచరుగా రాద్దామని వాళ్ల ఊరెళ్లా. తెల్లారి ఐదింటికి కళ్లంలో పిల్లలు ఆడుతున్నారు. మోకాళ్లు చీరుకుపోకుండా నాగావళి ఇసుక తట్టలతో మోసుకొచ్చి పోసుకున్నారు. ఏడయ్యేసరికి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతారు. అన్నీ రాశా. ఆ ఆఖరి కూత కూడా రాశా, 'ఆమె చెప్పిన ప్రకారం' అని. ఉగాది వెళ్లాక, ఏప్రిల్ మొదటి వారంలో మూడు కాలాల్లో ఫొటోతో వచ్చింది. పేరు మొదటి వాక్యంలోనే పెట్టా.

పేపరు తీసుకుని నేనే వెళ్లా. ఇంటి ముందు పందిరి గుంజలు పాతుతున్నారు. సంబంధం ఖాయమైపోయింది. సెలెక్షన్లు అంతకు ముందు వారమే అయిపోయాయి. తండ్రి పేపరు రెండు చేతులతో అందుకుని చాలాసేపు చూశాడు. "ముందే వచ్చుంటే బాగుండు బాబూ" అన్నాడు. అమ్మాయి బయటికి రాలేదు. మామ్మ మజ్జిగిచ్చింది.

నా వార్త వల్లే ఆమె ఆట ఆగిందని అనను. వార్త వచ్చినా సెలెక్టయ్యేదో కాదో. పెళ్లి ఆగేదో కాదో. ఆ ఇంటి కష్టాలు నాకు తెలిసినవి కొన్నే. కానీ ఆ పిల్లకి ఒక్క అవకాశం ఉండాల్సిన చోట నా కవరుంది, ఆ కవర్లో ఆమె పేరు అట్టడుగున ఉంది. అంతవరకూ నాదే.

ఆ తర్వాత నేను నా వరకు ఒక పద్ధతి పెట్టుకున్నా. ఆటల వార్తలో ఆడినవాళ్లు పైన, అతిథులు కింద. నాయకులు కొందరు అలిగారు. ఒకాయన ఏడాది పాటు ప్రెస్‌మీట్లకి పిలవలేదు. లైన్ అకౌంట్ కాస్త పలచబడింది. ఏం ఫర్వాలేదు.

మొన్న జనవరిలో తెలియని నంబరు నుంచి ఫోన్. "సార్, గుర్తున్నానా? కబడ్డీ..." అంది. గుర్తులేకపోవడమేంటి! అత్తవారి ఊళ్లో ఉంటోందట. ప్రో కబడ్డీ టీవీలో వచ్చాక ఊళ్లో ఆడపిల్లలు ఆడతామని సరదాపడుతుంటే, సాయంత్రాలు బడి గ్రౌండులో తనే నేర్పిస్తోంది. జీతం లేదు, ఏమీ లేదు. సంక్రాంతికి పోటీలు పెడుతున్నారు.

"వస్తానమ్మా" అన్నా.

కాసేపు ఆగి అడిగింది. "ఈసారి ఆట అయ్యేదాకా ఉంటారా సార్?"

ఉన్నా. పొద్దున తొమ్మిదింటి నుంచి దీపాలు పెట్టేదాకా ఉన్నా. ఆ రోజు టీవీలో ఏ మ్యాచ్ ఉందో నాకు తెలీదు. పసుపు చొక్కా, ఎర్ర చొక్కా ఇద్దర్నీ బండి మీద తీసుకెళ్లా. ఫైనల్లో పదిహేనేళ్ల పిల్ల ఒకత్తి ఇద్దర్ని ముట్టుకుని పాములా జారుకుని వచ్చేస్తే, ముందుగా ఈల వేసింది వాళ్లిద్దరే. నేనూ లేచి చప్పట్లు కొట్టా. మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. అసలు చప్పట్లు కొట్టేవాళ్లే తక్కువ.

అంతా అయ్యాక ఆమె నోట్‌బుక్కు కాగితం ఒకటి తెచ్చిచ్చింది. గెలిచిన జట్టు పన్నెండు మంది పేర్లు, ఇంటిపేర్లతో సహా, గుండ్రటి అక్షరాల్లో. ఓడిన జట్టు పన్నెండు మందీ ఉన్నారు.

"మీ పేరేది?" అన్నా.

"అప్పుడు కావాల్సొచ్చింది సార్. ఇప్పుడెందుకు, పిల్లలవి రాయండి" అంది. అందుకే ఇక్కడ కూడా రాయడం లేదు.

కాగితం తిప్పి చూశా. వెనక వైపు అట్టడుగున సర్పంచిగారు, దాతలు, పెద్దలు ఉన్నారు.

"అతిథుల్ని కింద రాశాను సార్" అంది నవ్వుతూ. "చోటు చాలకపోతే కోసేసుకోండి."

తిరుగు దారిలో పసుపు చొక్కావాడు వెనక నుంచి, "సార్, ఆ రోజు అడిగితే చెప్పనే లేదు. ఇంతకీ మీరెవరి ఫ్యాను?" అన్నాడు. కాగితం జేబులోంచి తీసి వాడి చేతికిచ్చి, జాగ్రత్తగా పట్టుకోమన్నా. డెస్కుకి ఇంకా పంపించాలి.